ఎడమకి ఒరిగే గుర్రాలు

మా కత్తెర అక్కకు,

మూడు వారాలుగా నా ఉత్తరం లేదని నువ్వు తిట్టుకుంటూనే ఉండి ఉంటావు. నిన్న నీళ్ళు తాగుతుంటే రెండుసార్లు పొలమారింది, నువ్వేననుకున్నాను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో అయితే నేను బాగున్నానని అనేలోపే నా గొంతులో తేడా పట్టేసి పోలీసులా ప్రశ్నలు వేస్తావు. కాగితం మీదైతే నేను చెప్పదలుచుకున్నంత మాత్రమే చెప్పొచ్చు.

ముందు పని మాట. దీనితో పాటు పార్సిలులో నా పాత స్వారీ ప్యాంటు పంపిస్తున్నాను. అదే కొలతకి కొత్తదొకటి కుట్టిపెట్టు. మోకాళ్ళ లోపలి వైపు తోలు అతుకు మామూలే. కుడి కాలు మాత్రం రెండు వేళ్ళు పొట్టిగా కుట్టు. కొత్త బూట్లలో కుడిదాని అడుగు కాస్త మందంగా వచ్చింది, అంతకన్నా ఏమీ లేదు.

ఇక్కడ నా చేతి కింద ఇప్పుడు ఐదు గుర్రాలు. అన్నీ పరాయివాళ్ళవే. గుర్రం ఉండి కట్టేసుకునే చోటు లేనివాళ్ళు మా శాలలో వదిలి వెళ్తారు. వాటి తిండి, నీడ, స్నానం, చదువు మావి, ముద్దులాడటం వాళ్ళది. ఐదింట్లో పెద్దరికం అత్తగారిది. ఆ పేరు నేనే పెట్టాను. తన దాణా తినడం మానేసి పక్కదానికి ఎంత పడిందో మెడ చాచి చూసుకుంటుంది. పెళ్లికొడుకు జూలు దువ్వకపోతే గడప దాటడు. మబ్బు బూడిద రంగుది, ఉత్త పిరికిది. కాగితం ముక్క ఎగిరితే పులి వచ్చిందంటుంది. ముసలాయనకి ఇరవై ఆరేళ్ళు, వీపు మీద జీను వేసి ఆరేళ్ళయింది, తిని ఎండ కాచుకోవడమే ఉద్యోగం. ఇక చుక్క. నాలుగేళ్ళ పిల్ల, నుదుట తెల్ల మచ్చ. పళ్ళ డాక్టరు గారిది. దాని వీపు మీద మొదటి జీను నేనే వేశాను, మొదటి మనిషినీ నేనే. పైకి చెప్పకూడదు గానీ ఐదింట్లో నా పక్షపాతం దాని మీదే.

ఇప్పుడు నన్ను పట్టుకున్న బెంగ కూడా దాని గురించే. చుక్క ఎడమకి ఒరుగుతోంది. తిన్నగా నడిపిస్తే నాలుగడుగులు బాగానే వేసి, ఎవరో చెవి పట్టుకుని లాగినట్టు ఎడమ పక్కకి జరిగిపోతుంది. కుడి వైపు గుండ్రంగా తిప్పితే ఎడమ భుజం మీద పడిపోతుంది. పిల్లతనం అనుకున్నాను. మరుసటి వారం మబ్బు అదే పని చేసింది. ఆ తరువాత పెళ్లికొడుకు. నిన్న అత్తగారు. పశువుల డాక్టరు వచ్చి ఒక పూటంతా గిట్టలు పట్టకారుతో నొక్కాడు, కీళ్ళు వంచాడు, ఎక్స్‌రేలు తీశాడు. వాపు లేదు, వేడి లేదు, నొప్పి లేదు అన్నాడు.

మా యజమానురాలు అంతా విని, గిట్టలకి ఇనప నాడాలు కొట్టే ఆయన వైపు చూసింది. ఆయన్ని నేను బాబాయ్ అంటాను. చుట్టరికం ఏమీ లేదు, ఇక్కడ చేరిన మొదటి రోజు నుంచీ అలా అలవాటయింది. నాలుగు గుర్రాలకీ ఒకే తెగులు వచ్చిందంటే నాలుగింటినీ ముట్టుకున్న చెయ్యి ఒకటే అయి ఉండాలి అందామె. బాబాయ్ గిట్టలు రాసే తన ఆకురాయి తుడుచుకుని సంచీలో పెట్టుకున్నాడు.

నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. ప్యాంటు తొందరగా పంపించు.

నీ పిడుగు


అక్కా,

నీకు అబద్ధం చెప్పడం కంటే అత్తగారి గిట్టలు కడగడం తేలిక. ఆవిడ ఒక్క తన్ను తంతుంది, అంతటితో పోతుంది. నువ్వు అలా కాదు. బూటు అడుగు మందమైతే ప్యాంటు కాలు పొట్టి ఎందుకవ్వాలి, ముప్పై ఏళ్ళుగా కుడుతున్నదాన్ని నాకే పాఠాలా, నిజం చెప్పేదాకా గుడ్డ మీద కత్తెర పెట్టనని రాశావు. చదివి నవ్వాను. తరువాత గడ్డి మోపు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

నిజం ఇది. నా కుడి తుంటి కీలు అరిగిపోయి కాలు పొట్టిదైంది. ఏడాదిన్నరగా నొప్పి. జలుబు సంగతి చెప్పినట్టు నాకు నేను రేపు తగ్గుతుందని చెప్పుకుంటూ వచ్చాను. ఎనిమిది నెలల కిందట ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూపించి, కీలు మార్చాలి, ఆర్నెల్లు గుర్రం ఊసెత్తకూడదు, ఆ తరువాతైనా ఎక్కుతావో లేదో ఇప్పుడు చెప్పలేను అన్నాడు. ఆ ఎక్స్‌రేని జీనుల గదిలో పాత దుప్పట్ల పెట్టె అడుగున దాచాను. గుర్రాల కాళ్ళకి రాసే మందు నేనూ రాసుకుంటున్నాను. ఆ ఘాటు నా దగ్గర నుంచి వస్తోందా గుర్రాల దగ్గర నుంచా అని ఇక్కడ ఎవరూ అడగరు. ఈ ఉద్యోగంలో అదొక సుఖం.

గుర్రాన్ని ఎడమ పక్క నుంచి ఎక్కడం ఆనవాయితీ. అంటే కుడి కాలు దాని వీపు మీదుగా తిప్పాలి. అది నా వల్ల కావడం మానేసింది. అందుకని నాలుగు గుర్రాలకీ కుడి పక్క నుంచి ఎక్కించుకోవడం నేర్పాను. అడిగిన వాళ్ళతో, రెండు వైపులా అలవాటు ఉండాలి, ఇదొక కొత్త పద్ధతి అని చెప్పాను. పళ్ళ డాక్టరు గారైతే మెచ్చుకున్నారు కూడా. ఆయన మెచ్చుకుంటుంటే నేను తల దించుకున్నాను, వినయం అనుకున్నారు.

అసలు సంగతి మొన్న తెలిసింది. ముసలాయన్ని ఇసుక మైదానం గట్టు వెంట నడిపిస్తున్నాను. ఆయన గీత గీసినట్టు తిన్నగా నడుస్తున్నాడు. బాబాయ్ కొట్టిన నాడాలే, మిగతా వాటిలాగే. అదే ఇసుక, అదే దాణా, అదే శాల. ఒకటే తేడా. ఆయన వీపు మీద నేను ఎక్కను. అక్కడే ఆగిపోయాను. ముసలాయన వెనక్కి తిరిగి ఏమయిందన్నట్టు చూశాడు.

నొప్పి తప్పించుకోవడానికి నేను జీను మీద బరువంతా ఎడమ పక్కకి వేస్తున్నాను. నాకు తెలియకుండానే. బరువు ఎటు పడితే గుర్రం ఆ బరువు కిందికి జరుగుతుంది, పడిపోకుండా చూసుకోవాలి కదా. రోజూ అదే జరిగితే అదే తిన్నని నడక అనుకుంటుంది. చుక్కకి మొదటి నుంచీ నేనే గురువుని. పాపం దానికి ఇంకో రకం తెలియదు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? వాటికి ఏ రోగమూ లేదక్కా. నా కుంటితనాన్ని అవి నేర్చుకున్నాయి.

అయితే చెప్పెయ్యి అంటావు. అక్కడే నాకు నోరు రావడం లేదు. నాకు ముందు ఈ పని చేసినాయనకి వెన్ను పట్టేసి గుర్రం ఎక్కలేకపోయాడు. నెల తిరక్కుండా ఆయన్ని పంపేశారు. శాల మీద ఉన్న ఆయన గదే ఇప్పుడు నాది. ఆయన టోపీ తగిలించుకున్న మేకు గోడకి ఇంకా ఉంది. దానికే నా కోటు తగిలిస్తాను. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. గుర్రాలకి ఆ మర్యాద జరుగుతుంది, నాకెవరు జరిపిస్తారు? నాకు ఇల్లూ వాకిలీ ఇదే. నలభై రెండేళ్ళ వయసులో ఇంకో పని నేర్చుకోవడం అంటే ఊహకే అందడం లేదు.

ఇప్పుడు బాబాయ్‌కి రెండు వారాల గడువు ఇచ్చారు. గిట్టలు సమంగా చెక్కి గుర్రాలని తిన్నగా నడిపించాలట, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటారట. లేని తప్పు ఆయన ఎలా దిద్దుతాడు? నేను ఇంకొక్క వారం చూస్తాను. బరువు సమంగా వేసి కూర్చోవడానికి పళ్ళు బిగించి ప్రయత్నిస్తున్నాను. అవి మామూలుగా నడిస్తే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా.

నువ్వు కూడా ఎవరికీ చెప్పకు.

నీ పిడుగు


అక్కా,

చెప్పలేదు.

నువ్వు రాసిన మూడు కాగితాలూ చదివాను. నువ్వు నన్ను తిట్టకుండా రాయడమే నన్ను ఎక్కువ బాధ పెట్టింది. చెప్తానని రెండుసార్లు ఆఫీసు గది దాకా వెళ్ళాను. ఒకసారి పళ్ళెం నిండా క్యారెట్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి, మబ్బు సరిగా తినడం లేదని ఏదో చెప్పి వచ్చేశాను. మబ్బు శుభ్రంగా తింటోంది.

బరువు సమంగా వేసి కూర్చుంటానన్నాను కదా. పది నిమిషాలు కూర్చున్నాను. దిగేటప్పుడు కళ్ళు చీకట్లు కమ్మి చుక్క మెడ పట్టుకుని వేలాడాను. అది కదలకుండా నిలబడింది. పక్కకి జరిగి ఉంటే పడిపోయేదాన్ని. ఎడమకి ఒరగడం నేర్పినదాన్నని దానికేం తెలుసు, నన్ను పట్టుకుని నిలబడింది.

ఇవాళ పొద్దున మమ్మల్నందరినీ పిలిచారు. యజమానురాలు, పశువుల డాక్టరు, పళ్ళ డాక్టరు గారు, బాబాయ్, నేను. ఎవరో ఒకరి వల్లే ఇది జరుగుతోంది అందామె. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టని విన్నాం కదా, నా చెయ్యి దానంతట అదే తుంటి మీదికి పోయింది. ఎవరూ చూడలేదనుకున్నాను. బాబాయ్ మాత్రం నా వైపు ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగాడు. అప్పుడు ఆవిడ నన్నే నేరుగా అడిగింది.

"రోజూ వాటి మీద ఉండేది నువ్వే. నీకేమనిపిస్తోంది?"

నేను తెలియదన్నాను.

అంతే అక్కా. ఒక్క మాట. దానితో అంతా తేలిపోయింది. బాబాయ్‌ని రేపటి నుంచి రావద్దన్నారు. ఇరవై ఏళ్ళుగా ఈ శాలలో ప్రతి గిట్టా ఆయన ఒళ్ళోనే పెరిగింది. ఆయన సామాను రేపు తీసుకెళ్తానన్నాడు. చుక్క సంగతి ఇంకా ఘోరం. నాలుగేళ్ళకే నడక చెడిన గుర్రాన్ని ఉంచుకుని ఏం చెయ్యను అని పళ్ళ డాక్టరు గారు దాన్ని అమ్మేస్తున్నారు. చెడ్డ మనిషి కాదు, వెళ్ళేటప్పుడు దాని నుదురు నిమురుతూ చాలాసేపు నిలబడ్డారు. సోమవారం లారీ వస్తుంది. కుంటిదని పేరు పడిన గుర్రాన్ని ఎలాంటివాళ్ళు కొంటారో నీకు చెప్పక్కర్లేదు, పడిపోయేదాకా బండి లాగిస్తారు.

దొంగకి తేలు కుట్టినట్టుంది నా బతుకు. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. ఇప్పుడు మధ్యాహ్నం. కింద అన్నీ దాణా నములుతున్నాయి, ఆ చప్పుడు పై గదిలోకి వినిపిస్తోంది. ఐదింటి చప్పుడులో చుక్కది ఏదో చెప్పగలను. సోమవారం తరువాత నాలుగే వినిపిస్తాయి. అమ్మ పోయినప్పుడు కూడా నాకు ఇంత భయం వెయ్యలేదు, అప్పుడు నువ్వున్నావు. ఇది నేను చేసిందే కాబట్టి దీంట్లో ఇంకెవరూ ఉండరు.

రేపు బాబాయ్ వస్తాడు. ఆయన మొహం ఎలా చూడాలో తెలియడం లేదు.

నీ పిడుగు


మా అక్కకు, ప్రేమతో, కాస్త సిగ్గుతో,

సంగతులు చాలా ఉన్నాయి. వరసగా చెప్తాను.

బాబాయ్ పొద్దున్నే వచ్చాడు. నాడాలు కొట్టే పాకలో ఇనప దిమ్మె, సుత్తులు, మేకుల డబ్బాలు సర్దుకుంటున్నాడు. నేను వెళ్ళి గుమ్మంలో నిలబడి, బాబాయ్ తప్పు నాది అన్నాను. మిగతాది నోట్లోంచి వచ్చేలోపే ఆయన స్టూలు చూపించి కూర్చోమన్నాడు. తరువాత ఏం చేశాడో తెలుసా? గుర్రం కాలు ఎత్తినట్టే నా కాలెత్తి తన మోకాళ్ళ మధ్య పెట్టుకుని బూటు అడుగు పైకి తిప్పాడు. ముందు ఎడమది, తరువాత కుడిది. ఎడమ బూటు మడమ బయటి పక్క వేలెడు అరిగిపోయింది. కుడిది కొత్తదానిలా ఉంది.

"గుర్రం నాడా చూసి దాని నడక చెప్పేవాణ్ణి. నీ బూటు చూసి నీ నడక చెప్పలేనా అమ్మాయ్? ఆర్నెల్లుగా చూస్తున్నా."

ఎందుకు చెప్పలేదని అడిగాను. జవాబుగా ఒక గోనెసంచి లాగి విప్పాడు. నిండా పాత నాడాలు. గుర్రానికి నాడా మార్చిన ప్రతిసారీ పాతదాని మీద మేకుతో గుర్రం పేరు, తేదీ గీసి ఏడాది పాటు దాచడం ఆయన పద్ధతి. పాత నాడా పారేస్తే గుర్రం చెప్పిన మాట పారేసినట్టేనట. వాటిని నేల మీద వరసగా పేర్చాడు. ఏడాది కిందటివి నాలుగు గుర్రాలవీ సమంగా అరిగాయి. ఎనిమిది నెలల నుంచి ఎడమ అంచు కొంచెం కొంచెంగా పలచబడుతూ వచ్చింది. నాలుగింటికీ ఒకేలా. ముసలాయనవి మాత్రం మొదటి నుంచి చివరి దాకా సమంగా ఉన్నాయి. ఆ సంచి ఆఫీసు బల్ల మీద బోర్లిస్తే చాలు, ఆయన తప్పు లేదని పావుగంటలో తేలిపోయేది. అది తెలిసీ ఆ రోజు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నేను చెబితే నీ మీద చాడీ అవుతుంది. నువ్వు చెబితే నీ మాట అవుతుంది. నువ్వు చెబుతావనుకున్నా. కాస్త ఆలస్యమైంది, అంతే."

అలా అని సంచి మూతి కట్టి నా చేతికిచ్చాడు. తీసుకోగానే తుంటి కలుక్కుమంది. అంత బరువు.

సంచి ఈడ్చుకుంటూ ఆఫీసు గదికి వెళ్ళాను. దారిలో దుప్పట్ల పెట్టె అడుగు నుంచి ఎక్స్‌రే తీసుకున్నాను. బల్ల మీద నాడాలు పేర్చి, పక్కన నా బూట్లు విప్పి పెట్టి, ఎక్స్‌రే కిటికీ అద్దానికి ఆనించాను. సాక్స్‌తో నిలబడి అంతా చెప్పాను. ఏడవలేదక్కా, ఏడుపంతా ముందే అయిపోయినట్టుంది. యజమానురాలు ఒక్కో నాడా తీసి వేలితో అంచు తడిమి చూసింది. మొదట కోపం వచ్చిందామెకి, రావాల్సిందే. ఎదురుగా కూర్చుని తెలియదన్నావు, ఆ మనిషి మొహం చూసి కూడా తెలియదన్నావు అంది. అవునని ఒప్పుకున్నాను. ఈ రోజు నుంచి నువ్వు ఇక్కడ ఏ గుర్రం ఎక్కడానికీ వీల్లేదు అంది. సరేనని బూట్లు తీసుకుని, గదిలో సామాను సర్దుకుంటానన్నాను.

"దిగమన్నాను. పొమ్మన్నానా?"

ఆ మాట అని ఆవిడ నాడాలు మళ్ళీ సంచిలో వేసింది. తరువాత తనే లేచి పాకకి వెళ్ళింది. బాబాయ్‌తో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. నేను వెళ్ళేసరికి ఆయన మేకుల డబ్బాలు మళ్ళీ బయటికి తీసి అరలో పెట్టుకుంటున్నాడు.

పళ్ళ డాక్టరు గారు సాయంత్రం వచ్చారు. ఎక్స్‌రే చూసి, పళ్ళయితే నేనే చూసేవాణ్ణి అన్నారు. ఆయనకి నవ్వించడం రాదు, అయినా నవ్వాను. ఇక నుంచి చుక్క సంగతి ఏదైనా ముందు తనకి చెప్పాలని, తరువాతే ఎవరికైనా అని గట్టిగానే అన్నారు. లారీ వద్దని ఫోన్ చేశారు. అంతా మంచే జరిగిందనుకోకు. మబ్బు యజమానులు వచ్చి దాన్ని తీసుకెళ్ళిపోయారు. ఇలాంటి మనిషి చేతిలో ఉంచేది లేదన్నారు. వాళ్ళది తప్పని నేను అనను. బండి ఎక్కేటప్పుడు అది బెదిరి నా వైపు చూసింది, నేను దగ్గరికి వెళ్ళడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. శాలలో దాని అర ఇప్పుడు ఖాళీగా ఉంది, అటు వైపు వెళ్ళినప్పుడల్లా అడుగు నెమ్మదిస్తుంది.

ఇది జరిగి మూడు వారాలయింది. ఎక్కకుండా గుర్రాన్ని దిద్దే పద్ధతి ఒకటుంది. రెండు పొడవాటి పగ్గాలు కట్టి, వీపు మీద ఎవరూ లేకుండా, వెనకాల నడుస్తూ తోలడం. నాకు తెలిసినదే, ఎక్కగలిగినన్నాళ్ళు పట్టించుకోలేదు. రోజూ పొద్దున చుక్కని అలా నడిపిస్తున్నాను. కర్ర పట్టుకోమని బాబాయ్ ఒకటి చెక్కి ఇచ్చాడు, పట్టుకుంటున్నాను. మొదటి వారం అది పాత అలవాటున ఎడమకే పోయింది. నా బరువు వీపు మీద లేకపోయినా ఉందనుకుని ఒరిగేది. ఆపి మళ్ళీ మొదటి నుంచి నడిపించేదాన్ని.

ఇవాళ పొద్దున ఇసుక కొత్తగా చదును చేశారు. మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి నడిపించి, ఆగి, వెనక్కి తిరిగి చూశాను. చుక్క అడుగులు తాడు కట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. వాటి వెనక నావి, ఒక కాలు లోతుగా, ఒకటి పైపైన, వంకరటింకరగా. అక్కా, ఇన్నాళ్ళకి దాని అడుగులు నా అడుగుల్లా లేవు. అక్కడే నిలబడి గట్టిగా నవ్వాను. బాబాయ్ పాకలోంచి తల బయట పెట్టి, ఏమయిందని అడిగాడు, కర్రతో ఆ అడుగులు చూపించాను.

ఆపరేషను వచ్చే నెల రెండో బుధవారం. యజమానురాలు గది ఖాళీ చెయ్యక్కర్లేదంది. తరువాత మళ్ళీ ఎక్కుతానో లేదో తెలియదు. ఎక్కకపోయినా వెనక నడవగలను, అది తెలిసింది. భయంగానే ఉంది. ఆ రోజు నువ్వు పక్కన ఉంటే బాగుంటుంది. దుకాణం నాలుగు రోజులు మూసేసి రాగలవా? ఇలా అడగడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

వచ్చేటప్పుడు ఆ ప్యాంటు తీసుకురా. నిజం చెప్పేదాకా గుడ్డ మీద కత్తెర పెట్టనన్నావు కదా, ఇప్పుడు పెట్టు. కొత్త కీలు వేశాక కాలు మళ్ళీ తన పొడవుకి వస్తుందట. రెండు కాళ్ళూ ఒకే కొలత కుట్టు.

నీ పిడుగు